రాకపోతే అడిగేవారున్నారా?

సంపాదకులు గారికి,

ఒంటరితనంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రత్యేక కమిషన్ వేసింది. మన సలహా మాత్రం ఇంకా ‘నలుగురిలో కలవండి’ దగ్గరే ఆగుతోంది. ఏదో ఒక సంఘం రిజిస్టరులో పేరున్నంత మాత్రాన మనసుకు ఊతం దొరకదు. రాకపోతే ఆరా తీసేవాళ్లుండాలి.

కొత్తవారిని వెనక వరుసలో కూర్చోబెట్టి వదిలేస్తే మూడోసారి రారు. మొదటి రోజే కుర్చీలు సర్దడమో, హాజరు రాయడమో అప్పగించాలి. కలిసే రోజు, వేళ మారకూడదు. పదిపన్నెండు మంది దాటితే మాట్లాడేవాళ్లే మాట్లాడతారు, గుంపును రెండు చేయాలి. కుంగుబాటు మొదలైన మనిషి తరచుగా నలుగురిలోకి రావడం మానేస్తాడు. అందుకే వరుసగా రెండుసార్లు రానివారికి ఎవరో ఒకరు ఫోన్ చేసి ‘ఎలా ఉన్నారు’ అని అడగాలి, గ్రూపులో మెసేజ్ పెడితే చాలదు. దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే వైద్యుడి దగ్గరికి తోడు వెళ్లాలి.

– సామాజిక మానసిక ఆరోగ్య కార్యకర్తలు