మేపుల్ ఆకులు ఎందుకు మాడాయంటే

మా నర్సరీకి ఏళ్లుగా వస్తున్నవాళ్లు ఈ మధ్య జపనీస్ మేపుల్ వరుసల దగ్గర ఆగి, ఏమీ అనకుండా వెళ్లిపోతున్నారు. ఆకుల అంచులు గోధుమరంగుకి మాడి, ముట్టుకుంటే పొడైపోతున్నాయి. ఆకు సన్నగా చీలి ఉండే డిసెక్టమ్ రకాలకైతే మరీ ఎక్కువ. ఒకాయన మాత్రం ముఖం మీదే అన్నారు, "మీ దగ్గరే ఇలా ఉంటే మా ఇంట్లో ఏం బతుకుతుందండీ" అని. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

నీళ్లు పోయక మాత్రం కాదు. రోజూ పొద్దున్నే నేనే దగ్గరుండి పోయించాను. మధ్యాహ్నం ఎండ పడకుండా నీడ వల కూడా ఉంది. ఇంకేం లోపమో తెలియక ఒక మొక్కను కుండీలోంచి బోర్లించి తీశాను. వేర్ల ముద్ద పైన, చుట్టూ తడిగానే ఉంది. విరిచి చూస్తే లోపలంతా పొడిపొడిగా రాలింది. అందులో ఉన్నది పీట్, అంటే చిత్తడి నేలల్లో నాచు కుళ్లి తయారయ్యే మెత్తటి పదార్థం. అది ఒకసారి బాగా ఎండితే మళ్లీ అంత తేలిగ్గా నీరు పీల్చదు. మేం పోసిన నీళ్లు కుండీ గోడ పక్క సందులోంచి జారి కింద రంధ్రాల్లోంచి పోయేవి. కింద కారుతోంది కదా, తడిసిందనే అనుకున్నాం. వేర్లు అందించే నీటికంటే ఎండకీ వేడిగాలికీ ఆకు పోగొట్టుకునేది ఎక్కువైతే ముందు అంచులే మాడతాయి.

మేం కుండీల్లో వాడే మిశ్రమంలో బెరడు ముక్కలు, పెర్లైట్ అనే తేలికైన తెల్లటి గుళికలు బాగా ఉండాలి. ఈసారి సప్లయర్ చెప్పాపెట్టకుండా దాదాపు అంతా పీటే నింపి పంపాడు. సంచీ అదే, దాని మీద పేరూ అదే. ఫోన్ చేస్తే "ఇంకెవరూ కంప్లయింట్ చేయలేదు" అన్నాడు. ఇన్నేళ్లుగా ఒక్క బిల్లు ఆలస్యం చేయని మనిషికి అతను ఇచ్చిన జవాబు అది. తర్వాత డబ్బు వాపసు ఇస్తానని కబురు పంపాడు. ఇచ్చినా సరే, అతని సరుకు ఇక మా గేటు దాటదు. సంచీ విప్పి చేత్తో చూసుకోకుండా వాడిన తప్పు మాత్రం నాది.

నాకు నిద్ర లేకుండా చేసింది వేరే విషయం. మాడిన ఆకులన్నీ దూసేస్తే కొన్ని వారాల్లో కొత్త చిగురు వచ్చే అవకాశం ఉంది, అప్పుడు అమ్మేయొచ్చని మా అబ్బాయి అన్నాడు. బోన్సాయ్ పెంచేవాళ్లు ఆకులు తీసేయడం మామూలే. కానీ అది బలంగా ఉన్న మొక్కకి చేసే పని. వేర్లు దెబ్బతిన్నది ఉన్న శక్తంతా ఆ చిగురుకే పెట్టి, మీ ఇంటికొచ్చాక నీరసపడుతుంది. అయినా ఒక సాయంత్రం కత్తెర పట్టుకుని కూర్చున్నాను. మొదటి కొమ్మ మీద ఒక ఆకు, అంచులు నల్లబడినా నడిమి భాగం ఇంకా ఎర్రగా మెరుస్తోంది. కత్తెర పక్కన పెట్టేశాను. ఈ బ్యాచ్ వచ్చే వసంతంలో ఆకు సరిగ్గా విచ్చేదాకా అమ్మను. ఎవరు అడిగినా, ఎంత ఇస్తానన్నా అమ్మను.

ఈ సీజన్‌లో మా దగ్గర మేపుల్ కొన్నవాళ్లు ఒక పుల్ల కుండీ మధ్యలో లోతుగా గుచ్చి చూడండి. పొడిగా వస్తే కుండీని నీళ్ల టబ్బులో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, బాగా వారనివ్వండి. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ ఉండే చోట, వేడిగాలి నేరుగా కొట్టకుండా పెట్టండి. మరీ చీకటి మూలన పెడితే ఎర్ర రకాల ఆకులు ఆకుపచ్చగా మారతాయి. పైన 5 సెంటీమీటర్ల మందాన బెరడు ముక్కలు పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. మాడిన భాగం మళ్లీ పచ్చబడదు, దాని గురించి టెన్షన్ పడకండి. కోలుకునేదాకా ఎరువు వేయొద్దు. కొమ్మ ఎండిందనిపిస్తే గోటితో బెరడు కొద్దిగా గీకండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది, కత్తిరించకండి.

పచ్చదనం కనిపించకపోతే కుండీతో సహా తీసుకురండి. బిల్లు అడగను. మొక్క మారుస్తాను, కొత్తది మీ ముందే కుండీలోంచి తీసి వేర్లు చూపించి ఇస్తాను.