వార్షిక నివేదిక: పాతవారికీ కొత్తవారికీ నడుమ మన తీరం

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

గడచిన సంవత్సరంలో కార్యవర్గం చేసిన పనులను సర్వసభ్య సమావేశానికి ముందుగా మీ దృష్టికి తేవడం సంఘం నియమావళి ప్రకారం కార్యదర్శిగా నా బాధ్యత. ఏటా ఈ నివేదిక తీరం శుభ్రత, వీధిదీపాలు, తుఫాను సన్నద్ధత అనే వరుసలో సాగేది. ఈసారి ఆ వరుస మార్చాను. మాకు అందిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం తరతరాలుగా ఇక్కడ ఉంటున్నవారు కొత్తగా వచ్చినవారి మీద, కొత్తగా వచ్చినవారు పాతవారి మీద రాసి ఇచ్చినవే. ఎదురెదురు ఇళ్లలో ఉండే ఇద్దరు ఒకరి మీద ఒకరు ఒకే వారంలో మాకు ఉత్తరాలు రాశారు కానీ, ఆ ఇద్దరి మధ్య అంతవరకూ ఒక్క మాట కూడా జరగలేదు. ఆ రెండు ఉత్తరాలూ చదివిన రోజునే ఈ ఏడాది మన పని ఏమిటో కార్యవర్గానికి తేటపడింది.

ఎవరు కొత్తవారు

మన మినిట్స్ పుస్తకంలో చాలా ఏళ్లుగా ‘బయటివారు’ అని రాస్తూ వచ్చాం. సముద్రం కనిపించే ఇల్లు కొనుక్కుని సెలవుల్లో మాత్రమే తాళం తీసేవారు, ఉద్యోగ విరమణ తరువాత ఇక్కడే స్థిరపడినవారు, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే యువ దంపతులు, పడవల మీద, ఐస్ ఫ్యాక్టరీల్లో, హోటళ్లలో పనికోసం దూర ప్రాంతాల నుంచి వచ్చిన కూలీలు, వీరందరినీ ఆ ఒక్క మాట కింద చేర్చేశాం. మొదటివారి రాకతో ఇళ్ల అద్దెలు పెరిగితే, చివరివారు ఆ పెరిగిన అద్దెలు భరించలేక ఒక్కో గదిలో పదిమంది సర్దుకుంటున్నారు. ఒకరి వల్ల కలిగిన కోపాన్ని మరొకరి మీద చూపడానికి ఆ మాటే మనకు వీలు కల్పించింది. అందువల్ల సంఘం రాతకోతల్లో ఆ మాటను వాడకూడదని కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది.

పాతవారిని కూడా ఒకే గుంపుగా చూడలేమని ఇక్కడే రాయాలి. కొత్తవారు కొన్న ప్రతి ఇల్లూ మనలో ఎవరో ఒకరు అమ్మినదే. అద్దెలు పెరిగాయని బాధపడుతున్న కుటుంబాలూ, ఆ అద్దెలతోనే పిల్లలను చదివించుకుంటున్న కుటుంబాలూ ఒకే వీధిలో ఉన్నాయి. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. ఈ మాట పైకి అనకుండా జరిగిన సమావేశాలన్నీ అరుపులతోనే ముగిశాయి.

నార్బర్ట్ ఎలియాస్, జాన్ స్కాట్‌సన్ అనే పరిశోధకులు ఇంగ్లండులోని లెస్టర్ సమీపాన ఉన్న ఒక శివారు ప్రాంతాన్ని చాలాకాలం పరిశీలించి 1965లో తమ అధ్యయనాన్ని ప్రచురించారు. అక్కడి కార్మిక కుటుంబాల్లో పాతవారికీ కొత్తవారికీ జాతిలో గాని, భాషలో గాని, చేసే పనిలో గాని చెప్పుకోదగ్గ తేడా లేదు. ఉన్న తేడా అల్లా ఎవరు ముందు వచ్చారన్నదే. అయినా పాతవారు కొత్తవారిని తక్కువవారుగా చూశారు. వారిలో కొద్దిమంది చేసిన తప్పులను అందరికీ అంటగట్టి, తమలోని ఉత్తముల నడతను మాత్రం తమందరి నడతగా చెప్పుకున్నారు. పాతవారు ఒకరినొకరు ఎరిగి ఉండటం వల్ల వారి మాట ఊరంతా పాకింది, కొత్తవారికి తమలో తమకే పరిచయం లేక ఆ మాటకు బదులు చెప్పే నోరు లేకపోయింది. రేవు దగ్గర పడవ ఇంజిన్ కనిపించకుండా పోయిన ప్రతిసారీ మొదటి అనుమానం కూలీల గదుల మీదికే ఎందుకు వెళుతుందో ఈ అధ్యయనం గురించి చర్చించిన తరువాత మన కార్యవర్గ సభ్యులకు బాగా అర్థమైంది. ఈ ఏడాది అలా పోయిందనుకున్న ఒక ఇంజిన్ యజమాని బంధువుల షెడ్డులోనే దొరికింది. అప్పటికే నిందపడ్డ ఇద్దరు కుర్రవాళ్లు పని మానుకుని వెళ్లిపోయారు. వారిని తిరిగి పిలిపించేందుకు చేసిన ప్రయత్నం ఫలించలేదు. సంఘం తరఫున వారికి క్షమాపణ ఉత్తరం పంపాం.

కాగితం మీద లేని కట్టుబాట్లు

ఫిర్యాదులన్నీ ఒకచోట పెట్టి చదివితే వాటి మూలం ఒక్కటే అనిపిస్తుంది. పాతవారు పాటించేవి కట్టుబాట్లు, అవి వారి జ్ఞాపకంలో ఉన్నాయి. కొత్తవారు నమ్ముకున్నవి దస్తావేజులు, అవి వారి బీరువాల్లో ఉన్నాయి. ఫలానా ఖాళీ స్థలంలో వలలు ఆరబెట్టుకోవచ్చని పాతవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ స్థలాన్ని కొన్నవారికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఒకరికి అది హక్కు, మరొకరికి అది ఆక్రమణ.

తెల్లవారుజామున పడవ ఇంజిన్ల శబ్దం, ఎండుతున్న చేపల వాసన గురించి వచ్చిన ఫిర్యాదుల మీద కార్యవర్గం ఎక్కువ సమయం వెచ్చించింది. ఫ్రాన్సులోని ఒలెరాన్ ద్వీపంలో మోరిస్ అనే కోడిపుంజు తెల్లవారుజామున కూస్తోందని, అక్కడ సెలవులు గడపడానికి వచ్చే పొరుగింటివారు వేసిన దావాను రోష్‌ఫోర్ కోర్టు 2019 సెప్టెంబరులో కొట్టివేసింది. 2021 జనవరిలో ఆ దేశం ఒక చట్టం చేసి, భూమి మీదివీ సముద్రానివీ అయిన సహజ ప్రదేశాలకు ప్రత్యేకతనిచ్చే శబ్దాలనూ వాసనలనూ ఉమ్మడి వారసత్వంలో భాగంగా గుర్తించింది. ఈ సంగతి మన సమావేశంలో చెప్పినప్పుడు పాత సభ్యులు చప్పట్లు కొట్టారు. అయితే ఆ చట్టాన్ని అడ్డుపెట్టుకుని రాత్రంతా మైకులు మోగించవచ్చని, ఆయిల్ కారుతున్న ఇంజిన్లను ఇళ్ల ముందు గంటల తరబడి నడపవచ్చని ఎవరూ అనుకోకూడదు. వృత్తికి తప్పనిసరి అయిన శబ్దాన్నీ, అజాగ్రత్త వల్ల పుట్టే శబ్దాన్నీ విడివిడిగా చూడాలన్నది కార్యవర్గం అభిప్రాయం. ఆటుపోట్లను బట్టి వేటకు బయలుదేరే వేళలు రోజురోజుకూ ఎందుకు మారతాయో వివరించే పట్టికను పెద్దలు తయారుచేయగా, దానిని తీరం వెంబడి ఉన్న ప్రతి ఇంటికీ ఇచ్చాం. ఆ పట్టిక చూశాక ఫిర్యాదును స్వయంగా వెనక్కి తీసుకున్నవారు ఉన్నారు. శబ్దం తగ్గకపోయినా, అది ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియడం వారికి చాలింది. ఇంజిన్లను నీటిలోకి దించాకే నడపాలన్న మాటకు పడవల యజమానులు కూడా అంగీకరించారు.

తీరానికి వెళ్లే కాలిబాట విషయంలో మాత్రం మనం ఇంకా గట్టెక్కలేదు. పాతవారు నడుస్తూ వచ్చిన బాట మీద స్థలం యజమాని గేటు పెట్టారు. గాలి, పారే నీరు, సముద్రం, సముద్రతీరం సహజంగానే అందరివీ అని 533లో జస్టీనియన్ చక్రవర్తి కాలపు రోమన్ ధర్మశాస్త్రం చెప్పింది. అది మనకు బలమైన వాదనే కానీ, దాన్ని అన్ని చోట్లా ఒకేలా అంగీకరించలేదు. అమెరికాలోని మేన్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 1989లో మూడీ బీచ్ కేసులో తీర్పు చెబుతూ, పోటుకూ పాటుకూ మధ్య ఉన్న ప్రైవేటు భూమి మీద ప్రజలకు చేపలు పట్టడం, పక్షులను వేటాడటం, పడవలు నడపడం అనే పాత హక్కులే ఉంటాయి తప్ప విహారానికి హక్కు ఉండదని చెప్పింది. కాబట్టి ‘తాతల నాటి నుంచి నడుస్తున్నాం’ అన్న ఒక్క మాట మీద ఆధారపడకుండా, ఆ బాటను వాడుతూ వచ్చిన వృద్ధుల వాంగ్మూలాలను, పాత ఫోటోలను, పటాలను సేకరించి భద్రపరిచాం. యజమానితో రెండు విడతలుగా మాట్లాడాం. రాత్రిపూట తన ప్రహరీ లోపల సీసాలు పగులగొడుతున్నారన్న ఆయన బాధ నిజమేనని మేము వెళ్లి చూసి నిర్ధారించుకున్నాం. పగటిపూట గేటు తెరిచి ఉంచేందుకు ఆయన ఒప్పుకున్నారు గాని, వేకువనే వలలతో వెళ్లేవారికి అది చాలదు. చర్చలు సాగుతున్నాయి.

రేవు పంపకం

పర్యాటకులను తిప్పే బోట్లు వచ్చాక రేవులో పడవలు కట్టుకునే జాగా ఇరుకైంది. నీరు లోతుగా ఉండే చోటు కోసం జరిగిన తోపులాటలో ఒక వల తెగింది, మరుసటి రాత్రి ఒక బోటు తాడు కోసేశారు. కార్యవర్గం దీన్ని చిన్న గొడవగా తీసిపారేయలేదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో సీడ్రిఫ్ట్ అనే చిన్న రేవు పట్టణానికి వియత్నాం శరణార్థులు వచ్చినప్పుడు, పీతల బుట్టలు ఎవరు ఎక్కడ, ఎంత దూరంలో వేసుకోవాలన్న తగవు 1979 ఆగస్టులో ఒక మనిషి ప్రాణం తీసింది. ఆ తరువాత పడవలు తగలబడ్డాయి. ద్వేషాన్ని వృత్తిగా పెట్టుకున్న కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠా ఆ తీరంలో అడుగుపెట్టింది. 1981లో వియత్నాం మత్స్యకారులు ఫెడరల్ కోర్టుకు వెళ్లి, తమను బెదిరించకుండా ఆ ముఠా మీద నిషేధపు ఉత్తర్వు తెచ్చుకోవలసి వచ్చింది. అక్కడి పాత మత్స్యకారులకు బుట్టల మధ్య దూరం గురించి కట్టుబాట్లు ఉన్నాయి, కానీ వచ్చినవారికి వారి భాషలో వాటిని చెప్పినవారు లేరు.

అందుకు భిన్నమైన దారి తుర్కియేలోని అలన్య రేవులో కనిపించింది. అక్కడ మంచి చోట్ల కోసం మత్స్యకారులు కొట్టుకునే పరిస్థితి ఉండగా, 1970ల తొలినాళ్లలో స్థానిక సహకార సంఘం వేట చోట్లన్నిటికీ పేర్లు పెట్టి జాబితా రాసింది. ఏటా సెప్టెంబరులో చీటీలు వేసి ఒక్కొక్కరికి ఒక్కో చోటు కేటాయించేవారు. జనవరి వరకు రోజుకొక చోటు చొప్పున తూర్పు వైపుకు, ఆ తరువాత పడమర వైపుకు అందరూ జరుగుతూ పోయేవారు. దాంతో మంచి చోటు అందరి వంతుకూ వచ్చేది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ఈ ఏర్పాటును 1990లో ప్రపంచం దృష్టికి తెచ్చారు. మన ఉపసంఘం దీన్నే ఆధారం చేసుకుని రేవులోని కట్టుకొయ్యలకు అంకెలు వేసి, వేట పడవలకూ పర్యాటక బోట్లకూ వారానికొకసారి మారే వంతులు ఏర్పాటు చేసింది. తెల్లవారుజాము వేళ మాత్రం లోతు నీటి చోట్లన్నీ వేట పడవలకే వదిలేశాం. దీనివల్ల తమకు నష్టమని బోట్లవారు చెప్పినా, చీటీలు అందరి ఎదుటా తీయడంతో చివరికి సంతకాలు చేశారు. వంతులు మొదలైన తరువాత తాడు కోసిన సంఘటన మళ్లీ జరగలేదు. కార్యవర్గం ఈ ఏడాది చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా సంతృప్తినిచ్చినది ఇదే.

ఇళ్లు, అద్దెలు

ఈ విషయంలో మనం సాధించినది చాలా తక్కువ. ఊళ్లో పుట్టిన పిల్లలు పెళ్లయ్యాక ఊళ్లో ఇల్లు దొరక్క వెళ్లిపోతున్నారు, అదే సమయంలో సంవత్సరంలో ఎక్కువ కాలం చీకటిగా ఉండే ఇళ్లు పెరుగుతున్నాయి. బ్రిటన్‌లోని సెయింట్ ఐవ్స్ పట్టణంలో 2016 మేలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో 80 శాతానికి పైగా, కొత్తగా కట్టే ఇళ్లను స్థిర నివాసం కోసమే వాడాలన్న నియమాన్ని సమర్థించారు. కానీ ఆ నియమం కొత్త ఇళ్లకే వర్తించడంతో సెలవుల ఇల్లు కోరేవారి దృష్టి పాత ఇళ్ల మీదికి మళ్లింది. వేల్స్‌లో 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద స్థానిక పన్నుకు అదనంగా 300 శాతం వరకు వేసే అధికారం స్థానిక సంస్థలకు దక్కింది. ఇటువంటి అధికారాలు మన సంఘానికి లేవు. మనం చేయగలిగింది, ఏడాదంతా ఇక్కడ ఉండే కుటుంబాలకు ఇల్లు అద్దెకిస్తామన్న సభ్యుల పేర్లు నమోదు చేయడం. ఆ పుస్తకం తెరిచాం, చేరిన పేర్లు మాత్రం కొద్దే. స్వయంగా అద్దెకిచ్చే సభ్యులు దీని గురించి మనసు పెట్టి ఆలోచించాలని కోరుతున్నాను. నిబంధనలు అడగవలసింది పురపాలక సంస్థనే అయినా, ముందుగా మన గుమ్మాల నుంచి మొదలుపెట్టకపోతే మన విన్నపానికి విలువ ఉండదు.

సభ్యత్వ నియమం

పదేళ్లు నివాసం ఉంటే తప్ప ఓటు హక్కు ఇవ్వని మన నియమాన్ని మూడేళ్లకు తగ్గించాలనీ, అద్దెకు ఉంటున్న కూలీలకు కూడా అది వర్తించాలనీ, ఇల్లు ఉండి ఇక్కడ నివసించనివారికి చర్చలో పాల్గొనే హక్కు మాత్రమే ఇవ్వాలనీ కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీన్ని వ్యతిరేకిస్తూ పెద్దలు ఇచ్చిన విన్నపాన్ని కూడా సభ్యులకు పంచుతున్నాం. తమ మాటకు విలువ పోతుందన్న వారి భయం తేలికగా తీసుకోదగ్గది కాదు. అందుకే రేవు, వలల స్థలాలు, కాలిబాటలకు సంబంధించిన తీర్మానాలకు వేట వృత్తిలో ఉన్న సభ్యుల్లో సగానికి మించి సమ్మతి అవసరమన్న షరతును ప్రతిపాదనలో చేర్చాం.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. తీరం శుభ్రత, వీధిదీపాల పనులు ఎప్పటిలాగే సాగాయి.

సర్వసభ్య సమావేశాన్ని పడవలు వేటకు వెళ్లని రోజు చూసి ఏర్పాటు చేస్తున్నాం. కూలీల తరఫున మాట్లాడేవారి మాటలను తెలుగులోకి, మన మాటలను వారి భాషలోకి చెప్పడానికి ఇద్దరు సభ్యులు ముందుకొచ్చారు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పవలసి ఉంటుంది గనుక సమావేశం మామూలు కంటే ఎక్కువ సేపు జరుగుతుంది. సభ్యులు ఆ మేరకు తీరిక చేసుకుని రావలసిందిగా మనవి.

కార్యదర్శి