ఖాళీ గదిలో పాసైతే చాలదు: వైద్య పరికరాల నియంత్రణాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య పరికరాల నియంత్రణాధికారి గారికి,

నమస్కారం. నేను ఆసుపత్రిలో బయోమెడికల్ ఇంజనీర్‌ని. పేషెంట్ మానిటర్లు, మందును కొలిచి నరంలోకి ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు బిగించడం, పాడైతే బాగుచేయడం నా ఉద్యోగం. ఇప్పుడు వీటిలో చాలావరకు వైఫై మీదో బ్లూటూత్ మీదో నడుస్తున్నాయి. వైర్లు తగ్గడం మంచిదే. రోగి లేచి నాలుగడుగులు వేయగలుగుతున్నాడు, నర్సులకు మంచం చుట్టూ పని సులువైంది. నా బాధంతా ఆ కనెక్షన్‌ను సరిగా పరీక్షించకుండానే పరికరాలు వార్డులోకి వచ్చేస్తున్నాయని.

కొత్త పరికరంతో పాటు మాకొక ఫైలు వస్తుంది. అందులో రేడియో సర్టిఫికెట్ ఉంటుంది. ఈ పరికరం తన హద్దు దాటి ఇతరుల సిగ్నల్‌ను పాడుచేయదని దాని అర్థం. వైద్య విద్యుత్ పరికరాలకు వర్తించే ఐఈసీ 60601-1-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసిన పరీక్ష రిపోర్టూ ఉంటుంది. చుట్టూ విద్యుదయస్కాంత తరంగాలున్నా పరికరం తన ప్రధానమైన పని తప్పదని అది చెబుతుంది. రెండూ కావలసినవే. కానీ ఒకే బ్యాండ్‌లో, అంటే ఒకే రేడియో తరంగాల పరిధిలో, డజన్లకొద్దీ రేడియోలు కిక్కిరిసి ఉన్నప్పుడు ఈ పరికరం మాట అవతలికి చేరుతుందా అన్నదానికి ఆ ఫైలులో జవాబు దొరకదు. మంచం దగ్గర మొదలైన అలారం నర్సింగ్ స్టేషన్‌కు ఎన్ని సెకన్లలో చేరాలి? చేరకపోతే ఆ సంగతి ఎవరికి, ఎలా తెలుస్తుంది? నర్సులు నన్ను అడిగేది ఇదే.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌నే చూడండి. 2,400 నుంచి 2,483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఆ కాస్త జాగాలోనే వైఫై, బ్లూటూత్, వైర్‌లెస్ కీబోర్డులు, చూడ్డానికొచ్చిన బంధువుల ఫోన్లు, ఇయర్‌ఫోన్లు అన్నీ సర్దుకోవాలి. ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల వైఫై ఛానెళ్లు అందులో మామూలుగా మూడే. పైగా మనిషి ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది. ఛాతీకి సెన్సర్ అంటించుకున్న రోగి బోర్లా తిరిగి పడుకుంటే అతని శరీరమే సిగ్నల్‌కు గోడ అవుతుంది. ఖాళీ ల్యాబ్‌లో, బల్ల మీద పెట్టి చేసే పరీక్షలో ఇవేవీ కనిపించవు.

స్ట్రెచర్ మీద రోగిని స్కానింగ్‌కు తీసుకెళ్లే దారిలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మానిటర్ ఒక యాక్సెస్ పాయింట్‌ను (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెను) వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ పోవాలి. లిఫ్టు తలుపులు మూసుకోగానే రెండూ అందవు. అప్పుడు కొన్ని మానిటర్లు సెంట్రల్ స్క్రీన్ మీద అంకెలు తీసేసి 'కనెక్షన్ లేదు' అని చూపిస్తాయి, రోగి పక్కన అలారం మోగుతూనే ఉంటుంది. అలా ఉండాలి. కానీ చివరగా అందిన అంకెనే చూపిస్తూ ఉండిపోయినవి కూడా నేను చూశాను. ఆక్సిజన్ 97 అని తెర మీద నిలకడగా ఉంటుంది. అది రెండు నిమిషాల కిందటి మాట. స్టేషన్‌లో కూర్చున్న నర్సుకు ఆ సంగతి తెలిసే దారే లేదు. సిగ్నల్ పోవడం కన్నా నాకు ఇదే ఎక్కువ భయం.

పరికరం మారకపోయినా చుట్టూ ఉన్న గాలి మారిపోతుంది. 1998లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక టీవీ స్టేషన్ ప్రయోగాత్మకంగా డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టింది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న ఆ ఛానెల్‌ను వాడుకుంటున్న ఆసుపత్రి టెలిమెట్రీ (రోగి గుండె కొలతల వంటివి రేడియోలో పంపే ఏర్పాటు) దెబ్బతింది. ఆ తర్వాతే, 2000లో, అక్కడ వైద్య టెలిమెట్రీకి విడిగా బ్యాండ్లు కేటాయించారు. 2008లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు రోగులు లేని ఐసీయూ గదిలో 41 వైద్య పరికరాల దగ్గర ఆర్ఎఫ్ఐడీ రీడర్లు (వస్తువులకు అంటించిన ట్యాగులను రేడియో తరంగాలతో చదివేవి) పెట్టి 123 పరీక్షలు చేశారు. 34 సార్లు పరికరాలకు అంతరాయం కలిగింది, వాటిలో 22 ప్రమాదకరమైనవేనని తేల్చారు. అసలు గదిలో పెట్టి చూశారు కాబట్టే అవి బయటపడ్డాయి.

ఇందుకోసం మీరు కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. వైద్య పరికరాల్లో వైర్‌లెస్ గురించి అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2013లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇతర రేడియోల మధ్య పరికరం ఎలా నెగ్గుకొస్తుందో కొలిచే పద్ధతి ఏఎన్ఎస్ఐ సీ63.27 అనే అమెరికా ప్రమాణంలో ఉంది. ఎంత గట్టిగా పరీక్షించాలో వైద్య పరికరాల ప్రమాణాలు రాసే ఏఏఎంఐ సంస్థ పత్రం టీఐఆర్69 చెబుతుంది: కనెక్షన్ పోతే రోగికి జరిగే హాని ఎంత పెద్దదైతే పరీక్ష అంత కఠినంగా ఉండాలి. ఈ లెక్కన, రోజుకోసారి బరువు నమోదు చేసే మిషన్‌కు ఐసీయూ మానిటర్‌కు పెట్టినంత పరీక్ష అక్కర్లేదు. చిన్న కంపెనీలకు ఖర్చు భారమవుతుందన్న అభ్యంతరానికి నా జవాబు ఇదే. రోగి ప్రాణం ఆధారపడిన అలారాన్ని గాలిలో పంపుతానన్న కంపెనీ మాత్రం ఆ ఖర్చు పెట్టుకోవాల్సిందే.

కాబట్టి ఈ పరీక్షను అనుమతికి తప్పనిసరి చేయండి. సిగ్నల్ ఉన్నప్పుడు పరికరం బాగా పనిచేసిందని చూపిస్తే సరిపోదు. సిగ్నల్ మధ్యలో తెంపి, ఆలస్యం చేసి, మళ్లీ కలిపి అప్పుడేం చేసిందో రాయమనండి. ఆ అంకెలు కొనే ఆసుపత్రి చేతికి రావాలి. ఎంత ఆలస్యాన్ని తట్టుకుంటుందో, ఎంత అంతరాయం దాకా నిలబడుతుందో తెలియకుండా మేము నెట్‌వర్క్ ఎలా వేయాలి? రేడియో సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడల్లా మళ్లీ పరీక్ష ఉండాలి. ఫోన్ యాప్ ద్వారా అలారం ఇచ్చే పరికరమైతే, ఫోన్ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ అయ్యాక కూడా ఆ అలారం మోగుతుందో లేదో చూసే బాధ్యత తయారీదారుడిదేనని రాతపూర్వకంగా చెప్పండి. హ్యాకింగ్ సంగతి ఇక్కడ ఎత్తడం లేదు. దాని మీద ఇప్పటికే చాలా చర్చ నడుస్తోంది.

ఇంకొక్క విషయం. మానిటర్ పాడైతే మేము మీకు రిపోర్టు పంపుతాం. కనెక్షన్ పోతే మాత్రం దాన్ని 'వైఫై ప్రాబ్లమ్' అంటారు. ఫిర్యాదు ఐటీ విభాగానికి వెళుతుంది, వాళ్లు రూటర్ రీస్టార్ట్ చేసి టికెట్ మూసేస్తారు. ఆ కాసేపు ఏ రోగిని ఎవరూ గమనించలేదో ఎక్కడా నమోదు కాదు, మీ దాకా రానే రాదు. మీ ప్రమాద నివేదిక ఫారంలో వైర్‌లెస్ వైఫల్యానికి విడిగా ఒక గడి పెట్టండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, వచ్చే నెల ఫారంలోనే చేర్చవచ్చు. ఆ గడి ఉంటే నాలాంటివాళ్లం నింపి పంపుతాం.

ఇట్లు,
ఒక బయోమెడికల్ ఇంజనీర్