నాన్నకు, దూరం కొలిచే పరికరం గురించి

మౌంట్ హోరెబ్, విస్కాన్సిన్
అక్టోబరు 19

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. అమ్మ మోకాలి మాత్రలు మధ్యలో ఆపేసిందని తమ్ముడు చెప్పాడు. ఆపొద్దని చెప్పండి. ఉద్యోగం బాగానే ఉంది. ల్యాబులో కొత్త మేనేజరు వచ్చారు, మంచివారే.

మొన్న ఫోన్లో వేట మాట ఎత్తగానే అమ్మ ఏడ్చేసింది. మీరేమో "తర్వాత మాట్లాడదాంలే" అని పెట్టేశారు. ఫోన్లో నాకు మాటలు సరిగా రావు, అందుకే రాస్తున్నాను.

అమ్మా, ముందు నీకు. నేను తుపాకీ పట్టుకోవడం లేదు. విల్లు, బాణాలు, అంతే. ప్రభుత్వం లైసెన్సు తీసుకున్నాను, వేట భద్రతా కోర్సు పాసయ్యాను. చెట్టు మీద మంచె ఎక్కేటప్పుడు కాలు నేల వదిలిన దగ్గర్నుంచి మళ్ళీ దిగేదాకా ఒంటికి బెల్టు ఉంటుంది, దాని తాడు చెట్టుకే కట్టి ఉంటుంది. మన నల్లమలలో దుప్పిని కొడితే 1972 చట్టం కింద జైలు. అది న్యాయమే. అక్కడ వాటిని కాపాడుకోవాలి. ఇక్కడ మా చుట్టుపక్కల తెల్లతోక జింకలు లెక్కకు మించి ఉన్నాయి. మొక్కజొన్న, సోయా చేలు మేసేస్తాయి, రాత్రిళ్ళు కార్ల కింద పడి చస్తాయి, మనుషులూ పోతారు. ఎన్నింటిని కొట్టనివ్వాలో ఏటా ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఆ మాంసం అమ్మితే నేరం. ఇంట్లో తినాలి, లేదంటే ఎవరికైనా ఊరికే ఇవ్వాలి. తినే ముందు జబ్బు పరీక్ష కూడా చేయిస్తాను. 2002 నుంచి ఇక్కడి జింకల్లో మెదడు జబ్బు ఒకటి ఉంది, పరీక్ష ఉచితమే. కార్తీక మాసంలో ముట్టను, ఒట్టు. సోమవారాలు అడవి వైపే వెళ్ళను.

ఇక నాన్నా, మీ సలహా కావాల్సిన విషయం.

జింకను గాయపరిచి వదిలేయడం, అదొక్కటే నా భయం. దెబ్బ తిన్న జంతువు ఏ గుట్ట చాటునో రాత్రంతా పడి ఉంటుందనుకుంటే నాకు నిద్ర పట్టదు. దూరం అంచనా తప్పితేనే ఎక్కువగా అలా జరుగుతుంది. నా విల్లుకు 20, 30, 40 గజాలకు గురి చూసుకునే పిన్నులు వేరువేరుగా ఉన్నాయి. జింక 40 గజాల్లో ఉంటే 30 గజాల పిన్నుతో కొట్టామనుకోండి, బాణం సుమారు ముప్పావు అడుగు కిందికి పోతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం కలిపి అంతే ఉంటుంది. అడవిలో, మసక వెలుతురులో, వట్టి కంటితో 30కీ 40కీ తేడా చెప్పడం నా వల్ల కాదు. అందుకే లేజర్ రేంజ్‌ఫైండర్ కొనాలనుకున్నాను.

అరచేతిలో పట్టేంత ఉంటుంది. కంటికి కనపడని కిరణాన్ని వదిలి, అది జింకకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతుంది. వెలుగు నానోసెకనుకు, అంటే సెకనులో వందకోట్లో వంతుకు, 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి ఆ లెక్క ఎంత సూక్ష్మమో మీకు చెప్పక్కర్లేదు. జింక కళ్ళకు హాని ఉంటుందా అని తమ్ముడు అడిగాడు. ఇవన్నీ కంటికి ప్రమాదం లేని తరగతి లేజర్లే.

షాపులో అన్నిటికన్నా ముందు చెప్పేది పెట్టె మీది పెద్ద అంకె. 1000 గజాల దాకా, 2000 గజాల దాకా కొలుస్తుందని. అది బాగా మెరిసే పలక మీద కొలిచినప్పటి మాట. చెట్టు మీద అంత రాదు, జింక ఒంటి మీద ఇంకా తగ్గిపోతుంది, సగం కూడా రాకపోవచ్చు. వాన, మంచు, పొగమంచు ఉంటే మరీను. తుపాకీ వాళ్ళకు ఆ అంకెతో పనేమో, 30 గజాలు దాటి బాణం వదలనని ఒట్టేసుకున్న నాకు దాంతో పనిలేదు.

నేను చూసుకున్నవి వేరు. పక్క పొలం పెద్దాయన దగ్గర రెండు పరికరాలున్నాయి. ఒకటి గోల్ఫ్ ఆడేవాళ్ళది. పొద్దు వాలాక కొట్టం చివర నిలబడి, రెమ్మల సందులోంచి అవతలి గడ్డిమోపు మీదికి పెట్టి చూశాను. 11 గజాలని చూపించింది. టేపు పెట్టి కొలిస్తే మోపు 34 గజాల్లో ఉంది. అది కొలిచింది నా ముందున్న ఆకును! గోల్ఫ్ వాళ్ళకు ముందున్న జెండా కావాలి, వెనకున్న చెట్లు కాదు, అందుకని మొదట తగిలినదాన్నే పట్టుకుంటుంది. వేటకు వెనకున్నదాన్ని పట్టుకునే ఏర్పాటు ఉండాలి. పెద్దాయన రెండోదాన్లో అది ఉంది, అదే మోపుకు 34 చెప్పింది. అయితే దాంట్లో అంకెలు నల్లగా ఉంటాయి. సూర్యోదయానికి అరగంట ముందు, చెట్ల నీడలో, ఆ నల్ల అంకెలు గోధుమరంగు జింక మీద అసలు కనిపించవు. ఎర్రగా వెలిగే అంకెలుంటే డబ్బు ఎక్కువైనా అదే మేలనిపించింది.

ఇంకొకటి, ఏటవాలు. మీకిది వెంటనే అర్థమవుతుంది. మీరు సర్వే చేసే రోజుల్లో, మార్కాపురం గుట్టల్లో భూమి కొలిచే గొలుసును వాలు మీద పరిచి కొలిస్తే ఎక్కువ వస్తుందని, మెట్లుమెట్లుగా అడ్డంగా పట్టి గుండు వేలాడదీసి కొలిచేవాళ్ళు కదా. బాణానిదీ అదే లెక్క. భూమి లాగేది అడ్డ దూరాన్ని బట్టే. 30 డిగ్రీల వాలులో కిందనున్న జింక 40 గజాలని పరికరం చెబితే, కొట్టాల్సింది 35 గజాల లెక్కన. ఆ కోణం తానే తీసేసి చెప్పే పరికరాలున్నాయి. చదును నేల మీద 20 అడుగుల మంచె నుంచి 30 గజాలకైతే తేడా గజం కూడా రాదు, అక్కడ ఇది దండగే. కానీ మా వైపు చదును తక్కువ. ఈ ప్రాంతాన్ని డ్రిఫ్ట్‌లెస్ అంటారు, పాతకాలపు హిమానీనదాలు దీన్ని మాత్రం తొక్కకుండా వదిలేశాయి, అందుకే ఎటు చూసినా గుట్టలూ లోయలే. ఇక్కడ అది తప్పనిసరి.

వోర్టెక్స్, ల్యూపోల్డ్, బుష్నెల్ కంపెనీలవి, అన్నీ తిప్పి చూశాను. వోర్టెక్స్ ఆఫీసు పక్కనే బార్నెవెల్డ్‌లో ఉంది. చివరికి ఒకటి తెచ్చి, పొలంలో మేకులు కొట్టి, టేపుతో 20, 30, 40 గజాలు గుర్తు పెట్టి ముందు దాన్ని పరీక్షించాను. గొలుసు వాడేకొద్దీ సాగుతుంది, ముందు గొలుసునే కొలువు అనేవారు మీరు. గజానికి లోపే తేడా ఉంది. చలికి బ్యాటరీ నీరసిస్తుందట, చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటాను. తిరిగి ఇవ్వడానికి ఇంకా గడువుంది, మీకేమైనా లోపం తోస్తే రాయండి.

మంచె మీద కూర్చోగానే చుట్టూ ఉన్న చెట్లను ఒక్కొక్కటే కొలిచి గుర్తుపెట్టుకుంటాను. ఓక్ చెట్టు 22, విరిగిన కంచె రాటు 31. జింక వచ్చాక చెయ్యి ఎత్తే వీలుండదు. 22 గజాలంటే మన సర్వే గొలుసు పొడుగే కాబట్టి ఆ ఓక్ చెట్టు దగ్గర నాకు ధైర్యం ఎక్కువ.

అమ్మా, ఇంత చలిలో ఎందుకు ఈ తిప్పలు అంటావు. ఇక్కడ తెలుగు మాట వినిపించదు. నవంబరులో ఐదు కాకముందే పొద్దు గూకిపోతుంది. ల్యాబు నుంచి గదికి వచ్చి గోడలు చూస్తూ కూర్చునేదాన్ని. ఆ పెద్దాయన, ఆయన భార్య పిలిచి అన్నం పెట్టారు, వాళ్ళ పొలంలోకి రానిచ్చారు, బాణం పట్టడం నేర్పారు. ఇప్పుడు నాకు ఊళ్ళో నలుగురు తెలుసు. పెద్దావిడకు నీ గోంగూర పచ్చడి ఎంత నచ్చిందో, సీసా అడుగు దాకా గీకి తినేసింది.

భూముల రీసర్వేలో మన తూర్పు గట్టు రాయి సంగతి ఏమైంది? ఉపగ్రహాల సాయంతో హద్దులు కొలిచే ఆ రోవరు పరికరంతో వచ్చినప్పుడు మీరు దగ్గరుండి చూడండి, తమ్ముడి మీద వదిలేయకండి. పెద్దత్తయ్య గృహప్రవేశానికి డబ్బు పంపాను, అందగానే చెప్పమనండి. మీ పాత ఫీల్డు పుస్తకంలో వాలు లెక్కల పట్టిక ఉండేది, ఆ పేజీ ఫోటో తీసి పంపుతారా? పరికరం చెప్పే కోణాన్ని దాంతో సరిచూసుకుంటాను.

మీ అమ్మాయి