కార్యదర్శి వార్షిక నివేదిక: త్రీవే హార్న్ సిస్టమ్, క్రాసోవర్ నిర్ణయం

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు అప్పగించిన త్రీవే హార్న్ సిస్టమ్ (ధ్వనిని బేస్, మిడ్, ట్వీటర్ అనే మూడు బూరల్లాంటి హార్న్‌లు పంచుకునే స్పీకర్ వ్యవస్థ) ఈ ఏడాది పూర్తయిందని చెప్పడానికి సంతోషిస్తున్నాను. బేస్ బిన్ల (మంద్ర ధ్వనుల హార్న్ పెట్టెల) చెక్కపని చేసిన సభ్యులకు, ధ్వనిని విడదీసే ప్రాసెసర్ అరువిచ్చిన మిత్రుడికి, సెలవు రోజుల్లో మా మోత భరించిన వారి కుటుంబాలకు కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు.

పెట్టెలు కట్టడం ఒక ఎత్తు, క్రాసోవర్, అంటే ఒక హార్న్ నుంచి ఇంకో హార్న్‌కు ధ్వని చేతులు మారే చోటు, ఎక్కడ పెట్టాలో తేల్చడం ఒక ఎత్తు. మన మిడ్ హార్న్ కటాఫ్ (అంతకన్నా కింద హార్న్ సరిగా పనిచేయని హద్దు) 300 హెర్ట్జ్. బేస్‌నూ మిడ్‌నూ 400 దగ్గర కలిపేద్దామని మొదట అనుకున్నాం. కటాఫ్‌కు దగ్గరయ్యేకొద్దీ హార్న్ డ్రైవర్‌కు (ధ్వని పుట్టించే భాగానికి) ఇచ్చే ఆనిక తగ్గిపోతుంది. వాల్యూమ్ పెంచగానే మగగొంతులో గరగర మొదలైంది. 800కు జరిపితే ఈసారి బేస్ బిన్ మొరాయించింది. బిన్ లోపలి మడతల దారిలో ఆ ధ్వని మలుపుల దగ్గరే చెదిరి, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. చివరికి 500 దగ్గర, ఆక్టేవ్‌కు (పౌనఃపున్యం రెట్టింపయ్యే అంతరానికి) 24 డెసిబెల్స్ చొప్పున ధ్వనిని తగ్గించే లింక్విట్జ్-రైలీ ఫిల్టర్‌తో కుదిరింది.

బేస్ హార్న్ దారి మిడ్ కన్నా 2 మీటర్లు పొడవు. అంటే బేస్ దాదాపు 6 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. మిడ్‌నూ ట్వీటర్‌నూ అంత ఆపాలి. టేపు కొలతతో సరిపెట్టుకోలేదు. బేస్, మిడ్ ధ్వనులు సరిగ్గా ఒకేసారి చేరితే ఒకదాన్నొకటి కొట్టేసేలా మిడ్ తీగలు తిరగేసి, మైకు ముందు పెట్టి, డిలే (ఆపే సమయం) కొంచెం కొంచెం జరుపుతూ పోయాం. 500 దగ్గర గ్రాఫ్‌లో గుంట బాగా లోతుగా దిగిన చోట ఆపి తీగలు మళ్లీ సరిచేశాం. ఆ తర్వాత తాళవాద్యం మీద పడ్డ దెబ్బా, దాని మోతా ఒక్కచోటి నుంచే వినిపించాయి.

పైన, మిడ్‌కూ ట్వీటర్‌కూ మధ్య క్రాసోవర్ మొదట 7000 పెట్టాం. అక్కడ తరంగదైర్ఘ్యం 5 సెంటీమీటర్లే. రెండు హార్న్‌ల మధ్య దూరం దానికి ఎన్నో రెట్లు. కూర్చుంటే ఒక ధ్వని, లేచి నిలబడితే ఇంకొకటి. ట్వీటర్‌ను మిడ్‌కు ఆనించి 5000కు దించాక ఆ తేడా చాలావరకు తగ్గింది. ఇంకా దించలేదు. హార్న్‌లో ఒక ఆక్టేవ్ కిందికి వెళ్తే అంతే ధ్వనికి డయాఫ్రమ్ (డ్రైవర్‌లో కంపించే పొర) రెండింతలు కదలాలి.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది శ్రవణ సాయంత్రం. తెర వెనక అమరికలు మార్చి, ఏది ఏదో చెప్పకుండా వినిపించాం. వచ్చినవారు 500, 5000 అమరిక వైపే మొగ్గారు. ఆ రోజు హాలు అనుమతి కాగితం కోసం ఒకే కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో కార్యవర్గానికి తెలుసు. పోయిన సమావేశంలో చేతులెత్తి పేర్లిచ్చినవారిలో చాలామంది బిన్లు మోసే రోజు కనిపించలేదు. మోసినవాళ్లే మళ్లీ మళ్లీ మోశారు. ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, ప్రతి జతచేశాం, ఆమోదించగలరు.

రెండో జత బిన్ల పని వచ్చే నెల మొదలవుతుంది. నిజంగా రాగలిగినవారే పేర్లివ్వండి. సంఘం కొలత మైకు తీసుకెళ్లినవారు సమావేశం రోజుకు తెచ్చి ఇవ్వాలి.

కార్యదర్శి