అంకె లేని పద్దు

సంపాదకులకు నమస్కారం.

రక్షణ ఖర్చు కోసం యూరప్ దేశాలు బడ్జెట్ నిబంధనలు సడలించుకోవడాన్ని మెచ్చుకుంటూ గత వారం మీరు వేసిన వ్యాసం చదివాను. అప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

ఉక్రెయిన్ మీద రష్యా విరుచుకుపడ్డాక సైన్యాలకు డబ్బు కావాలంటే నేను కాదనను. కానీ గ్రీస్ పింఛనుదారులను అందరూ అప్పుడే మరిచిపోయారా? బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతం, అప్పు 60 శాతం దాటకూడదని యూరోపియన్ యూనియన్ దేశాలు మాస్ట్రిక్ట్ ఒప్పందంలో రాసుకున్నాయి. 2010 తర్వాత అదే గీత చూపించి గ్రీస్‌లో ముసలివాళ్ల పింఛన్లు మళ్లీ మళ్లీ కోశారు. 2003లో జర్మనీ, ఫ్రాన్స్ ఆ గీత దాటినప్పుడు మాత్రం జరిమానా పడలేదు. 2025లో రక్షణ మాట రాగానే, ఏటా జీడీపీలో 1.5 శాతం దాకా నాలుగేళ్లు అదనంగా ఖర్చు పెట్టుకోవచ్చని యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషనే దారి చూపింది.

జర్మనీ అయితే అప్పులకు పగ్గం వేస్తూ 2009లో రాజ్యాంగంలోనే రాసుకుంది. ఆ పగ్గం కాస్త వదలండి, వంతెనలు పాతబడ్డాయి, రైళ్లు వేళకు నడవడం లేదని అక్కడి జనం ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2024 సెప్టెంబరులో డ్రెస్డెన్‌లో కరోలా వంతెనలో ఒక భాగం నదిలో కూలింది. అర్ధరాత్రి దాటాక కాబట్టి ప్రాణాలు దక్కాయి. 2025 మార్చిలో చూడండి. ఎన్నికలు అయిపోయాయి, కొత్త పార్లమెంటులో మూడింట రెండొంతుల బలం కుదరదని తెలిసి, దిగిపోతున్న పాత సభనే కూర్చోబెట్టి 513–207 ఓట్లతో ఆ పగ్గం సడలిస్తూ రాజ్యాంగం సవరించారు. ప్రజలు అప్పుడే ఇచ్చిన తీర్పుకు ఇదేనా గౌరవం? రోడ్లు, వంతెనల వంటి వాటికి 500 బిలియన్ యూరోల నిధి పెట్టిన మాట నిజమే. దానికి ఒక అంకె ఉంది, 12 ఏళ్ల గడువు ఉంది. జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చుకు మాత్రం అప్పు పరిమితే లేదు, గడువూ లేదు.

నేను ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. పైన గీత లేని పద్దు ఎక్కడ కనిపించినా నాకు టెన్షనే. పింఛన్లు కోయించుకున్న ఆ గ్రీస్‌లోనే, ఆయుధాల కొనుగోళ్లలో లంచాల సొమ్ము మళ్లించిన కేసులో ఒక మాజీ రక్షణ మంత్రికి 2013లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఏ దేశంలోనైనా ఫైలు మీద రహస్యమని ముద్ర పడితే ఆడిటర్ నోరు పడిపోతుంది. ఆసుపత్రి మందుల బిల్లుకు పది కొర్రీలు వేసే అధికారులే ఆయుధాల బిల్లు దగ్గర కళ్లు మూసుకుని సంతకం పెడతారు. పత్రికలైనా అడగాలి కదా! ఒకప్పుడు బడ్జెట్ మీద వ్యాసమంటే పక్కనే లెక్కల పట్టిక ఉండేది. ఇప్పుడు మంత్రుల ప్రకటనలే వ్యాసాలైపోతున్నాయి.

2035 నాటికి రక్షణకు, దానికి సంబంధించిన పనులకు ఏటా జీడీపీలో 5 శాతం ఖర్చు పెడతామని నాటో దేశాలు హేగ్‌లో మాటిచ్చాయి. ఆ ఖర్చుకు చేసే అప్పు ఎన్నేళ్లలో తీరుతుందో, వడ్డీకి ఏ పద్దు కోస్తారో ఈసారి రాసేటప్పుడైనా వివరంగా రాయండి.

— ఒక విశ్రాంత ఆడిట్ ఉద్యోగి