పిల్లల కంచంలోంచి తీసేసే ముందు

సంపాదకులకు,

ఒడిశాలోని రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల తెలుగు ఇళ్లలో ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చంచలత్వం ఉండే స్థితి) అన్న మాట చెవిన పడగానే పెద్దలు మొదట పట్టుకునేది పిల్లల తిండిని. పంచదార బంద్, పాలు బంద్, గోధుమ బంద్. గుడ్డు వేడి చేస్తుందని అదీ బంద్. అసలే బక్కపలచని పిల్లలకు ఈ కోతే పెద్ద చేటు. తిండి మార్చినంత మాత్రాన ఏడీహెచ్‌డీ పోదు. కొందరిలో లక్షణాలు కాస్త హెచ్చడం, తగ్గడం మాత్రం తిండిని బట్టి ఉంటుంది.

పంచదార మీద వేసిన నింద నిలవలేదు. 1994లో అమెరికాలో కొందరు మగపిల్లలకు పంచదార లేని తియ్యటి పానీయం ఇచ్చి, సగం మంది తల్లులకు మాత్రం పంచదార పోశామని చెప్పారు. ఆ తల్లులే తమ పిల్లల అల్లరి ఎక్కువైందని రాశారు. దంతాల కోసం తీపి తగ్గించండి, అది వేరే సంగతి.

తినే సరుకులో కలిపే రంగుల విషయం అలా కొట్టిపారేసేది కాదు. 2007లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో మూడేళ్ల పిల్లలకు, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లలకు కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ (పాడవకుండా వేసే పదార్థం) కలిపిన పానీయాలిచ్చి చూస్తే సగటున చంచలత్వం కొద్దిగా పెరిగింది. 2010 నుంచి యూరప్‌లో అలాంటి ఆరు రంగులున్న సరుకు మీద హెచ్చరిక వేస్తున్నారు. వాటిలో నాలుగింటికి మన దేశంలో అనుమతి ఉంది: టార్ట్రజిన్ 102, సన్‌సెట్ ఎల్లో 110, కార్మోయిసిన్ 122, పాన్సో 124. ప్యాకెట్ వెనక సన్నటి అక్షరాల్లో ఈ అంకెలుంటాయి. సంతలో పిల్లలు వేళ్లకు తొడుక్కుని తినే పచ్చ గొట్టాలకు, పీచుమిఠాయికి, ఎర్ర ఐసుకు ఆ ప్యాకెట్టే ఉండదు. వాటిని మానిపిస్తే పిల్లలకు పోషణలో లోటేమీ రాదు కాబట్టి ముందు వాటినే ఆపి చూడొచ్చు.

చూసే పద్ధతి ఇది. ఏ మార్పూ చేయకుండా రెండు వారాలు నోటుబుక్కులో రాయండి: ఏం తిన్నాడు, ఎన్ని గంటలు పడుకున్నాడు, హోంవర్కు మధ్యలో ఎన్నిసార్లు లేచాడు. తర్వాత మూడు వారాలు రంగు సరుకు ఒక్కటే ఆపండి. ఆ పైన ఒక వారం మళ్లీ ఇవ్వండి. ఏ వారం ఏం చేస్తున్నారో టీచరుకు చెప్పకుండా, రోజూ 0 నుంచి 3 దాకా ఒక అంకె వేయమనండి. ఆ అంకెల్లో కూడా తేడా ఉంటేనే నమ్మండి. చాలామంది రంగులు, పాలు, గోధుమ ఒకేసారి ఆపి, అదే వారం ఫోన్ కూడా లాక్కుంటారు. ఇక ఏది పనిచేసిందో ఎలా తేలుతుంది? ఏ తిండి పడదో చెబుతామనే ఐజీజీ రక్తపరీక్షలకు డబ్బు పోయకండి. 2011లో నెదర్లాండ్స్, బెల్జియం పిల్లల మీద జరిగిన పరిశోధనలో ఆ ఫలితాలను బట్టి ఏ పదార్థం పడదో చెప్పడం కుదరలేదు.

మా మటుకు ముందు చూడాల్సింది ఐరన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలలు దాటిన ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తగ్గితే ధ్యాస నిలవదు, చిరాకు పెరుగుతుంది, నిద్ర చెడుతుంది. మర్నాడు తరగతిలో అదంతా ఏడీహెచ్‌డీలాగే కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండొచ్చు, కాబట్టి ఆ నిల్వలు చూపే ఫెరిటిన్ పరీక్ష కూడా అడగండి. జ్వరంలో చేయిస్తే ఫెరిటిన్ లేని ఎక్కువ చూపిస్తుంది. మన వైపు సికిల్‌సెల్, తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బులు ఉన్నాయి గనుక ఆ పరీక్షలు కాకుండా షాపులో సిరప్ కొని పోయకూడదు. రక్తహీనతకు మామూలుగా రాసే మోతాదు కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాములు, అంటే 20 కిలోల పిల్లకు 60. సీసా మీద 'ఎలిమెంటల్ ఐరన్' అన్నచోట ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. నిమ్మనీళ్లతో ఇవ్వండి, టీతోనో పాలతోనో వద్దు. మలం నల్లగా వచ్చిందని భయపడి మధ్యలో ఆపేస్తుంటారు. ఆ నలుపు ఐరన్‌దే.

ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర వాడే పిల్లలకు మధ్యాహ్నం ఆకలి చచ్చిపోతుంది. అందుకని పొద్దున మాత్రకు ముందే కడుపు నిండాలి. ఉత్త చద్దన్నం చాలదు. గ్లాసుడు చోడి (రాగి) అంబలి, ఒక గుడ్డు లేదా గుప్పెడు వేరుశెనగ గుళ్లు పెట్టండి. సాయంత్రం మందు దిగాక ఆకలి తిరిగొస్తుంది, అప్పుడు మరోసారి, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి. బరువు మూడు నెలలకోసారి, ఎత్తు ఆరు నెలలకోసారి రాసి పెట్టుకోండి. కానాగంతలు, కవళ్లు లాంటి చేపలు వారానికి రెండుసార్లు తింటే మంచిదే. ఆ చేపల్లో ఉండే ఒమేగా-3 కొవ్వును మాత్రలుగా వేసుకుంటే వచ్చే ఫలితం మాత్రం చిన్నది, మందుకు అది బదులు కాదు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పాఠం అర్థంకాక దిక్కులు చూసే పిల్లవాడికీ ఏడీహెచ్‌డీ అనే పేరు పెట్టేస్తున్నారు. చెవులు, చూపు, భాష చూశాకే నిర్ణయానికి రావాలి. జాతీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల వరకు చేసే పరీక్షల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది, జిల్లా ఆసుపత్రిలో అడగండి.

ప్రధానోపాధ్యాయులకు ఒక మనవి. మిథైల్‌ఫెనిడేట్ మాత్ర వేసుకునే పిల్లలు మధ్యాహ్న భోజనంలో గుడ్డు ముట్టకుండా వదిలేస్తారు. దాన్ని పెంకు తీయకుండా డబ్బాలో పెట్టి ఇంటికి పంపించండి.

— పిల్లల వైద్య, పోషణ సలహాదారులు, రాయగడ